పట్టుపురుగుకు జ్వరం వచ్చిన రోజు

ఒకప్పుడు పట్టుపురుగుకు నిద్రంటే ఏమిటో తెలియదు. నిజం పిల్లలూ! పొద్దున తినేది, మధ్యాహ్నం తినేది, దీపం పెట్టాక కూడా తినేది. గుడ్డులోంచి బయటపడ్డాక దాని నోరు ఆగితే ఒట్టు. ఆ రోజుల్లో ఏ పట్టుపురుగూ గూడు కట్టింది లేదు. గూడు కట్టేదాకా బతికితే కదా!

అనంతపురం వైపు ఒక ఊళ్లో తిప్పమ్మ, అక్కులప్ప అని ఆలుమగలు ఉండేవాళ్లు. ఇంటి వెనక వాళ్లకు మల్బరీ తోట. ఇంట్లో వెదురు తట్టల నిండా పురుగులు. తిప్పమ్మ ఆకు కోసుకొచ్చి, తరిగి, తట్టల్లో చల్లేది. చల్లడమే ఆలస్యం, కరకరకరకర... ఇంటి మీద వాన పడుతున్నట్టే ఉండేది ఆ చప్పుడు. బయట చూస్తే మాడిపోయే ఎండ! కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ చప్పుడు విని, ఆరేసిన బట్టలు తీయడానికి పరిగెత్తేవాళ్లు.

ఒకనాడు అక్కులప్ప గడప మీద కూర్చుని అన్నాడు. "ఏమే తిప్పమ్మా, పోయినసారి పురుగులన్నీ చచ్చె. అంతకుముందూ చచ్చె. గూడు కడతాయని పెద్దలు చెప్పిందే గాని ఎవరం చూసింది లేదు. ఈసారి కూడా ఒక్క గూడన్నా కట్టకపోతే తోట కొట్టేసి వేరుశనక్కాయ వేస్తా. చెప్పలేదనొద్దు మళ్లీ."

"కట్టకుండా యాడికి పోతాయి? ఇంకొంచెం ఆకు పెడతా ఉండయ్యా," అంది తిప్పమ్మ.

ఆమెకు తెలిసిన మందు అదొక్కటే. పురుగు నీరసంగా ఉంటే ఆకు. వాలిపోతే ఇంకాస్త ఆకు.

ఒక తట్టలో బండోడు అని ఒక పురుగు ఉండేవాడు. అందరికంటే లావు. వాడి పక్కనే బుడ్డి అని ఒక చిన్న పురుగు. ఆ రోజు బుడ్డి నమలడం ఆపేసింది.

"ఏమే బుడ్డీ, నోరు ఆగిందేం?" అన్నాడు బండోడు, తన నోరు ఆపకుండానే.

"దవడలు నొప్పిగా ఉన్నాయన్నా. ఒళ్లంతా బిగుసుకుపోయింది. చిన్నప్పటి రవిక ఇప్పుడు తొడిగినట్టుంది."

"నువ్వు తినకపోతే నీ ఆకు నేను తింటా, చూసుకో!"

"తినన్నా."

బండోడు అదిరిపోయాడు. తన ఆకు ఇచ్చేసిన పురుగును వాడు పుట్టి ఎరగడు. "ఒరేయ్, వినండ్రా! ఇది ఆకు వద్దంటోంది!"

తట్టంతా గగ్గోలు. "వద్దంటోందా?" "దానికి పిచ్చి పట్టిందా?" "ఆకు వద్దనడమేంటమ్మా, ఎక్కడైనా ఉందా!" అందరూ అరుస్తూనే ఉన్నారు, అరుస్తూనే నములుతున్నారు.

బుడ్డి కాళ్లతో తట్టను గట్టిగా పట్టుకుంది. తల పైకెత్తింది. అలాగే నిద్రపోయింది. లోకంలో పట్టుపురుగు పోయిన మొదటి నిద్ర అదే. అయితే అది నిద్రని ఎవరికి తెలుసు?

తిప్పమ్మ ఆకు గంప పట్టుకుని వచ్చి చూసింది. "అయ్యో నా తల్లీ! తినడం లేదు, కదలడం లేదు. నీకు జ్వరం వచ్చిందే!"

ఆమె పొరపాటు పడింది. కానీ ఎంత మంచి పొరపాటో చూడండి! జ్వరం వచ్చిన బిడ్డకు ఏం చేస్తాం? అన్నం పెట్టం. గాలి తగలకుండా పడుకోబెట్టి, గోల చేయొద్దని అందరినీ కసురుతాం. తిప్పమ్మ కూడా అదే చేసింది. బుడ్డిని ఒక చేటలోకి తీసుకుని మూలన పెట్టింది. ఒక్క ఆకు కూడా వేయలేదు.

మర్నాడు వెళ్లి చూసి కెవ్వుమంది. "ఏమయ్యో! పగిలిపోయిందయ్యో నా బుడ్డి!"

తల దగ్గర చర్మం చీలిపోయి ఉంది. ఆమె చూస్తుండగానే ఆ చీలికలోంచి ఒక కొత్త తల బయటికొచ్చింది. దాని వెనకే ఒళ్లంతా జారుకుంటూ వచ్చింది. పాత చర్మం విడిచిన చొక్కాలా వెనక పడిపోయింది. బుడ్డి కొత్త చర్మం వదులు వదులుగా, ముడతలు ముడతలుగా ఉంది, ఇంకా ఎదగడానికి చోటున్నట్టు.

"అమ్మా, ఆకలి," అంది బుడ్డి.

ఆమె గబగబా దాన్ని తట్టలోకి మార్చింది. మార్చి తోటకు వెళ్లిందో లేదో, తట్టలో టప్పుమని చప్పుడైంది. బండోడు! బిగిసిన చర్మం లోపలి ఒంటిని ఆపలేక పిగిలిపోయింది. నోట్లో సగం నమిలిన ఆకు నోట్లోనే ఉంది. వాడిక కదల్లేదు.

పురుగులన్నీ నములుతూనే వాడి చుట్టూ చేరాయి.

"అందరికంటే ఎక్కువ తిన్నాడే! వాడెట్లా చచ్చిపోతాడు?" అంది ఒకటి ఏడుస్తూ.

"ఎక్కువ తిన్నాడు. ఒక్కసారీ ఆగలేదు," అంది బుడ్డి. "నాకు కొత్త చర్మం పుట్టింది నేను తినేటప్పుడు కాదర్రా. పడుకున్నప్పుడు. మీ ఒళ్లు కూడా బిగుసుకుపోయింది. ఆపండి!"

"మరి మేం పడుకుంటే మా ఆకు ఎవరైనా తినేస్తే?"

"తినడానికి ముందు నువ్వుండాలి గదా!"

ఒక పురుగు తల పైకెత్తింది. పక్కది ఎత్తింది. ఆ పక్క తట్టలోవీ ఎత్తాయి. ఇంటి నిండా పడుతున్న వాన ఠక్కున ఆగిపోయింది.

తోటలో ఉన్న తిప్పమ్మకు ఆ నిశ్శబ్దం వినబడింది. చేతిలో గంప జారిపోయింది. పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తింది. అప్పటికే అక్కులప్ప ఒక తట్టను భుజానికెత్తుకుని బయటికి వస్తున్నాడు.

"అయిపోయిందే. ఆ బుడ్డిది ఒక్కటి తప్ప అన్నీ చచ్చె. పెంటదిబ్బలో పోసొస్తా."

కింద చీమలు బారులు తీరాయి. "అంత దూరం ఎందుకన్నా? ఇట్లా మా పుట్ట దగ్గరే పోసెయ్యి, నీకూ శ్రమ తప్పుతుంది!"

తిప్పమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది. "దించయ్యా! చావలేదు. జ్వరం."

"అన్నిటికీ ఒకేసారి జ్వరమా? నీకేమన్నా మతి పోయిందా?"

"పోతే పోనీలే. రేపు పొద్దునకు ఇవి లేవకపోతే, తోట నరకడానికి కొడవలి నేనే తెచ్చి నీ చేతికిస్తా."

అక్కులప్ప ఆ మాటకు నివ్వెరపోయాడు. ఆ తోటలో ప్రతి మొక్కకూ కడవతో నీళ్లు మోసి పోసింది ఆమె. తట్ట దించాడు.

తిప్పమ్మ తట్టల చుట్టూ సున్నప్పొడి చల్లింది. చీమలు దూరంగా ఆగిపోయి, "ఇదేం అన్యాయమమ్మా, చచ్చినవి మావి గదా!" అని గొడవకు దిగాయి. "పోండే! నా బిడ్డలు లేచాక చెప్తా మీ సంగతి," అని తరిమింది.

తరమడం తేలికే. ఊరికే కూర్చోవడమే కష్టం. ఒక్క ఆకు చల్లితే లేస్తాయేమో అని ఆమె చెయ్యి గంప వైపు పోయేది. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది.

తెల్లవారింది. బుడ్డి తప్ప ఒక్కటీ కదల్లేదు. ఎండ గడప దాకా వచ్చింది. అప్పుడూ కదల్లేదు. తిప్పమ్మ లేచి, గోడకున్న కొడవలి తీసి, మొగుడి చేతికిచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

అక్కులప్ప తోట వైపు తిరిగాడు.

"ఉండయ్యా!" అని అరిచింది తిప్పమ్మ. ఒక పురుగు తల దగ్గర చర్మం చీలింది. ఇంకోటి చీలింది. ఈ తట్టలో, ఆ తట్టలో, ఎక్కడ చూసినా కొత్త తలలు! చాకిరేవులో బట్టల్లాగా తట్టల నిండా విడిచిన చర్మాలు!

అక్కులప్ప చేతిలో కొడవలి ఖంగుమని కింద పడింది. "ఇన్ని చొక్కాలు ఎవరు విప్పిరే?" అన్నాడు.

"అమ్మా, ఆకలి!" అన్నాయి పురుగులన్నీ.

ఇక చూడండి ఎట్లా తిన్నాయో! ఒళ్లు మళ్లీ బిగుసుకోగానే, ఎవరూ చెప్పకుండానే మళ్లీ పడుకున్నాయి. అట్లా మొత్తం నాలుగు నిద్రలయ్యాయి. చివరి నిద్ర లేచి కడుపునిండా తిన్నాక, వేలంత పొడుగయ్యాయి. ఒళ్లు అద్దంలా మెరిసింది. అప్పుడు బుడ్డి తల అటూ ఇటూ ఊపుతూ నోట్లోంచి దారం తీసింది. తన చుట్టూ తనే చుట్టుకుంది. ఎక్కడా తెగలేదు ఆ దారం. లోకంలో మొదటి పట్టుగూడు అదే. అక్కులప్ప దాన్ని అరచేతిలో పెట్టుకుని, పగలని గుడ్డును చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు.

అప్పటినుంచే పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా నిద్రపోతుంది. పురుగులు పెంచే ఇళ్లలో ఆ నిద్రను జ్వరమనే అంటారు. ఆ వేళ ఎవరూ ఆకు చల్లరు, తట్ట కదపరు. ఎంత లేత ఆకు తెచ్చి ముందు పెట్టినా, నిద్ర తీరేదాకా అది ఎత్తిన తల దించదు.