తీతువు గుడ్లకు ముళ్లదడి

చిదంబరయ్యగారు కూర్చుని ప్రశ్నకు బదులు చెప్పేవారు కాదు. అడిగినవాళ్లను వెంటబెట్టుకుని సరస్సు గట్టున నడిచేవారు. ఒక్కోసారి గట్టు అయిపోయేది గాని బదులు వచ్చేది కాదు. గొణుక్కుంటూ ఇళ్లకు పోయినవాళ్లూ ఉన్నారు.

ఆ ఫాల్గుణంలో ఓ పొద్దున ఆయన శిష్యురాలు తులశమ్మ వచ్చింది. కార్తీకంలో పడవ తిరగబడి ఆమె కూతురు ఝాన్సీ నీళ్లలో పడింది. ఎవరో జుట్టు పట్టి లాగితే బతికింది. ఇప్పుడా పిల్ల మళ్లీ ఏలూరు పోయి నర్సింగు చదువు పూర్తిచేస్తానంటోంది. సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. మధ్యాహ్నమే బస్సు. తులశమ్మ ఔననలేదు, కాదనలేదు.

"బిడ్డను కాపాడుకోవడం తప్పా గురువుగారూ?" అని మాత్రం అడిగింది.

ఆయన నడక మొదలుపెట్టారు.

సరస్సు నీళ్లు వెనక్కి తగ్గాయి. ఆరీ ఆరని ఒండ్రు మీద బొక్కెన తీగ చిన్న చిన్న గుండీల్లాంటి పూలు పూసింది. మడుగుల్లో తూటిపూలు లేత ఊదారంగులో విచ్చుకున్నాయి. చిన్నప్పుడు తులశమ్మ ఆ పూలే చెవుల్లో దోపుకుని, నుదుట తెల్లనామం ఉన్న నల్ల నీటికోళ్ల వెంట పడేది. ఆ బురద వాసన ఇంకా అలాగే ఉంది.

ఉన్నట్టుండి తీతువు పిట్ట నెత్తి మీదకొచ్చి అరిచింది. తులశమ్మ ఠక్కున ఆగింది. పడవ మునిగిన నాడూ ఇదే కూసిందని, తిరిగి పోదామని అంది.

"నీ కీడు దానికేం తెలుసమ్మా? నీ కాలు చూసి అరుస్తోంది," అన్నారు గురువుగారు.

ఆమె పాదానికి జానెడు దూరంలో, గులకరాళ్ల మధ్య మట్టిరంగు గుడ్లు. గూడు లేదు, గడ్డిపరక లేదు. పిట్టేమో అల్లంత దూరాన దిగి, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, వాళ్లను తన వెంట రమ్మన్నట్టు ఇంకా అవతలికి పోతోంది. గుడ్లు ఇక్కడ వదిలేసి అక్కడ వేషాలేస్తోంది, ఇదేం తల్లి అని విసుక్కుంది తులశమ్మ. గేదెలు తిరిగే దారి అది. తుమ్మకంప ఏరి తెచ్చి గుడ్ల చుట్టూ దడి పెట్టింది. చేతికి ముల్లు దిగినా ఆగలేదు. గురువుగారు వద్దనలేదు, సాయమూ చేయలేదు.

పిట్ట దగ్గరికి రాలేదు. అరుస్తూ పైనే తిరిగింది. అందాకా ఇటు వంక చూడని కాకి ఒకటి వచ్చి ఆ కంప మీద వాలింది. మెడ వంచి లోపలికి చూసింది.

తులశమ్మ మట్టిబెడ్డ విసిరి పరుగెత్తింది. కంపంతా తనే పీకి పారేసింది. గుడ్లు మళ్లీ రాళ్లలో కలిసిపోయాయి. ఆమె మాత్రం కదలకుండా అక్కడే కాపలా నిలబడింది.

"మనం చూస్తున్నంతసేపూ పిట్ట రాదు," అని ఆయన ముందుకు సాగారు.

గుడ్లకు వీపు తిప్పి నడవడం ఆమెకు ఎంతకీ చేతకాలేదు. తను నీళ్లలో ఆడుతుంటే ఇదే గట్టున జమ్ము కోసే అమ్మ వీపు గుర్తొచ్చింది. అమ్మ ఒక్కసారైనా ఇటు తిరిగేది కాదు. అమ్మకు తన మీద ధ్యాసే లేదనుకునేది. కాని తన నీళ్ల చప్పుడు ఆగితే కొడవలి చప్పుడూ ఆగేది. ఎందుకు ఆగేదో ఆనాడు తట్టలేదు.

తులశమ్మ వచ్చి గురువుగారిని కలుసుకుంది. పిల్లకు దారిలోకి పులిహోర కలపాలంది, ఎవరితోనో అన్నట్టు. వెనకాల అరుపు ఆగిపోయింది. కొంత దూరం పోయాక, తల తిప్పకుండానే అడిగింది, పిట్ట గుడ్ల మీదకు వచ్చిందంటారా అని.

"నేనూ వెనక్కి చూడలేదమ్మా," అన్నారు చిదంబరయ్యగారు.