పేనుకు రెక్కలు ఊడిన రోజు

ఒకప్పుడు పేనుకు రెక్కలుండేవి. ఈగ రెక్కల కన్నా పలచన, దోమ రెక్కల కన్నా చురుకు. దువ్వెన తలలో పడిందంటే చాలు, పేను తుర్రుమని లేచి పక్కింటివాళ్ల తల మీద వాలేది.

ఆ రెక్కలు గాలి ఇచ్చినవి. ఊరికే ఇవ్వలేదు. "మనుషులు నీ పేరు పైకి అననంత కాలం ఎగురు. 'నా తలలో పేలున్నాయి' అని ఊరంతా ఒప్పుకున్న రోజున నా రెక్కలు నాకిచ్చెయ్యాలి" అంది గాలి.

"అలాగే తల్లీ. వీళ్ల సంగతి నాకు తెలియదా? ప్రాణమైనా విడుస్తారు గాని ఆ మాట అనరు" అంది పేను.

నిజమే. ఆ ఊళ్లో తల దురద పెడితే "వేడి చేసింది" అనేవారు. మజ్జిగ తాగేవారు, మెంతులు నూరి తలకు పట్టించేవారు. ఆ చలవకు పేలు కూడా హాయిగా కునుకు తీసేవి. పైగా మగవాడు బుర్ర గోక్కుంటే "ఆలోచిస్తున్నాడు" అనేవారు. ఆడపిల్ల గోక్కుంటే "తల్లి పెంపకం" అనేవారు.

నూకాలు అనే పిల్ల బడిలో గోక్కుంటూ దొరికిపోయింది. ఆ పిల్లకు బారెడు జడ. చదువంటే అంతకన్నా ప్రాణం. ఊరిపెద్ద అప్పలనాయుడు ఆమె తల్లి పైడమ్మను పిలిపించాడు.

"రేపు దీనికి గుండు గీయించి తీసుకురా. లేదంటే బడి మానిపించు" అన్నాడు. అంటూనే తలపాగాలో వేలు దూర్చి గోక్కున్నాడు. ఆలోచిస్తున్నాడు కాబోలు.

"వేడండీ బాబూ, ఒట్టి వేడే" అంది పైడమ్మ నేల చూపులు చూస్తూ.

నూకాలు ఇంటికొచ్చి గడప మీద కూర్చుని ఏడ్చింది. చెవి వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"ఏడవకే. కత్తి పడేలోపు నేను మీ పంతులు తల మీదికి పోతాను. జుట్టు పోయేది నీది. నాకేటి నష్టం?"

"ఎవరు నువ్వు?"

"వేడిని" అంది పేను.

నూకాలుకు ఒళ్లు మండింది. లేచి తిన్నగా నూతి దగ్గరికి పోయింది. ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. నీళ్లు తోడటం, బిందె దించి గోక్కోవడం, మళ్లీ తోడటం.

"నాకు వేడి చెయ్యలేదు. నా తలలో పేలున్నాయి" అంది నూకాలు.

చేదలు ఆగిపోయాయి. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు గౌరమ్మత్త బిందె దించింది. ఆమె అప్పలనాయుడి పెళ్లాం.

"నా తలలోనూ ఉన్నాయే అమ్మా. మా ఆయన తలపాగాలో అయితే సంతే జరుగుతోంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. "నాకూ ఉన్నాయి" అందొకామె. "మా పిల్లలిద్దరికీ" అంది ఇంకొకామె. "మా అత్తతో అనకండేం, ఆవిడ నుంచే నాకు" అంది కొత్తకోడలు. మాట నూతి దగ్గర నుంచి ఇళ్లలోకి పాకింది. చివరికి అప్పలనాయుడు కూడా తలపాగా విప్పి ఒప్పుకున్నాడు. పెళ్లాం ఊరుకుంటే కదా.

గాలి ఈల వేసుకుంటూ వచ్చింది. "ఏవీ నా రెక్కలు?"

పేను ఎన్నో సాకులు చెప్పింది. గాలి వినలేదు. రెక్కలు పుటుక్కున ఊడిపోయాయి. పేను కక్షకొద్దీ తన గుడ్లను, అదే ఈరులను, వెంట్రుకలకు జిగురుపెట్టి అంటించేసింది.

"అంటించుకో. మేమూ మళ్లీ మళ్లీ కూర్చుంటాం" అంది గౌరమ్మత్త, సన్నపళ్ల ఈరుపెన అందుకుని.

అరుగు మీద ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు. నూకాలు వెనక గౌరమ్మత్త, ఆమె వెనక పైడమ్మ. గుండు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గౌరమ్మత్త వేళ్లు తన జుట్టులో మెత్తగా తిరుగుతుంటే నూకాలు మెల్లగా అంది.

"అత్తా, నువ్వే గనక ఆ మాట అనకపోతే..."

"ముందు నువ్వన్నావు గనకే నాకు నోరొచ్చింది. ఇన్నేళ్లకు నా తలా తెరిపిన పడింది. చల్లగా ఉండు తల్లీ. ఊఁ, మెడ కదపకు."

అప్పటినుంచే పేను ఎగరలేదు, గెంతలేదు. తలకు తల ఆనితేనే పాక్కుంటూ పోతుంది. ఒక తలలో కనబడిందంటే ఇంట్లోవాళ్లూ బడిలోవాళ్లూ అందరూ కలిసి చూసుకోవలసిందే. అప్పటినుంచే, ఎంత గడుగ్గాయి పిల్లయినా సరే, వెనక కూర్చుని పాయ తీసే చెయ్యి తల మీద పడగానే కళ్లు అరమూసి కుదురుగా కూర్చుంటుంది.