ఎర్రనీటికి ఎదురొచ్చిన పులస

అనగా అనగా, గోదారమ్మ సముద్రంలో కలిసేచోట ఒక జాలరిపేట ఉండేది. ఆ పేటకు పెద్దదిక్కు భూలోకమ్మ.

వానాకాలంలో ఏటికి వరద ఎర్రనీరు తగలగానే, గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి పులస చేపలు ఎదురీదుకుంటూ వచ్చేవి. పేటంతా పులుసు వాసనే. కానీ జనం ఆశకు హద్దు లేకపోయింది. ఏటికి అడ్డంగా వెదురు దడులు కట్టారు. చిన్న చేపపిల్లను కూడా వదలని సన్నకన్ను వలలు వేశారు. ఏటేటా చేప తగ్గింది. చివరికి ఒక ఏడు ఎర్రనీరు వచ్చింది, పులస రాలేదు.

భూలోకమ్మ రోజూ గట్టున నిలబడి సముద్రం వైపు చూసేది. పుట్టింటికి రావలసిన ఆడబిడ్డ కోసం చూసినట్టు చూసేది.

ఒకనాడు అందరినీ పిలిచి, "తప్పు మనదే. ఇకమీద ఎర్రనీటి కాలంలో వలలు ఒడ్డునే ఉండాలి. దడులన్నీ పీకేద్దాం" అంది. అందరూ ఒప్పుకున్నారు. పీతలతో కడుపు నింపుకున్నారు, పస్తులున్నారు, మాట మాత్రం తప్పలేదు.

మరుసటి వానాకాలం ఒక వర్తకుడు వచ్చాడు. "మొదటి పులస నాకివ్వండి. పేటకంతా కొత్త పడవలు చేయిస్తాను."

"చేప లేని ఏట్లో పడవలెందుకు బాబూ?" అంది భూలోకమ్మ.

తరువాత రాజభటుడు వచ్చాడు. "మహారాజుగారికి పులస మీద మనసైంది."

"ఈ ఏడు తింటే ఆయనొక్కరే తింటారు. ఆగితే ఆయన మనవలూ తింటారు. ఇలా అన్నానని మనవి చెయ్యండి."

రాజు ఆ మాట విని, "అయితే నేనూ ఆగుతాను" అన్నాడు.

మూడో కోరిక ఇంట్లోనే పుట్టింది. కోడలు మరిడమ్మ కడుపుతో ఉంది. అన్నం సయించడం లేదు. "ఒక్క ముక్క పులస ఉంటే తినేదాన్నేమో అత్తా" అంది.

వర్తకుడికీ రాజుకీ చెప్పగలిగిన మాట భూలోకమ్మ కోడలికి చెప్పలేకపోయింది.

ఆ సాయంత్రం పాయలో ఎవరి కంటా పడక మిగిలిన ఆఖరి దడిని పీకడానికి వెళుతూ, గాలి తగులుతుందని కోడలినీ దోనెలో కూర్చోబెట్టుకుంది. చూస్తే దడి సందులో ఒక పులస చిక్కుకుని, వెండిలా మెరుస్తూ కొట్టుకుంటోంది. చుట్టూ ఎవరూ లేరు. భూలోకమ్మ దాన్ని నీళ్ళలోనే రెండు చేతులా పట్టుకుంది.

"నీకోసమే వచ్చిందేమోనే" అంది.

మరిడమ్మ వంగి చూసింది. గుడ్లతో చేప పొట్ట ఉబ్బి ఉంది. తన కడుపు మీద చెయ్యి వేసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అదీ నాలాంటిదే. వదిలెయ్యత్తా."

భూలోకమ్మ చేతులు తెరిచింది. పులస తోక విదిల్చి ఎగువకు వెళ్ళిపోయింది. అది కనుమరుగైనా ఇద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు.

మరిడమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు మాటలొచ్చి, పరుగులొచ్చిన ఏడు, ఎర్రనీరు తగిలిన పొద్దున ఏరంతా వెండిలా కదిలింది. గట్టున నిలబడి పెద్దవాళ్ళు ఏడ్చారు. ఎవరూ వల ముట్టలేదు. గుడ్లు పెట్టి పులసలు తిరుగుముఖం పట్టాకే, ఇంటికొకటి చొప్పున పట్టుకున్నారు. రాజుగారికీ ఒకటి పంపారు.

భూలోకమ్మ మొదటి ముద్ద తన చేత్తో కోడలికి పెట్టింది.

"ఇంకోటి పట్టుకో నానమ్మా!" అని మనవరాలు మారాం చేసింది.

"మిగతావి సముద్రానికి వెళ్ళాలి తల్లీ. మళ్ళీ రావాలిగా" అంది భూలోకమ్మ.

పిల్లలూ, ఎంత ఆశ ఉన్నా చేతికందినదాన్ని వదలగలిగినవాళ్ళకే అది మళ్ళీ మళ్ళీ దక్కుతుంది.