గిల్లాకమ్మ గుట్ట: ఆకు ఉడకని పొయ్యి కథ

దొనమిట్ట గ్రామానికి పడమరగా, బండ్ల బాట ఆగిపోయే చోట ఒక ఎర్రరాతి గుట్ట ఉంది. దానిని గిల్లాకమ్మ గుట్ట అంటారు. గుట్ట నడుమ ఒక పెద్ద బండ ముందుకు వంగి నీడనిస్తుంది. ఆ నీడలో మోకాలి ఎత్తు రాతి రూపంలో అమ్మవారు కొలువై ఉన్నారు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. బండ సందులోంచి ఊరే నీరు అమ్మవారి పక్కగా జారి, కింది నేలను ఎండాకాలంలో కూడా తడిగా ఉంచుతుంది. ఆ తడిలో చిర్రాకు, పొన్నగంటాకు, చెంచలాకు, గురుగాకు వంటి కూరాకులు ఒకదానితో ఒకటి కలిసి పెరుగుతాయి.

అమ్మవారి చేతిలో ఆయుధం లేదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొనలు కలిసి ఉంటాయి. దూరం నుంచి వచ్చినవారు దానిని జ్ఞానముద్ర అనుకుని దండం పెడతారు. దండం పెట్టడం మంచిదే గాని, అది జ్ఞానముద్ర కాదు. ఆకు కొన గిల్లే ముద్ర. మొక్కను వేరుతో పెరకవద్దు, కొన మాత్రం గిల్లి తెచ్చుకోండి అని అమ్మ చెబుతున్నది. గిల్లిన ఆకును స్వీకరించే తల్లి గనుక గిల్లాకమ్మ అయింది. ఈ పేరు విని నవ్వేవారు ఉన్నారు. కథ తెలిసిన తరువాత నవ్వరు.

పూర్వం ఇక్కడ అమ్మవారి సంగతి ఎవరికీ తెలియని కాలంలో, దొనమిట్టలో కదిరప్ప అనే రైతు ఉండేవాడు. అతనికి ఇద్దరు కొడుకులు. భార్య కాలం చేసిన నాటి నుంచి ఆ ఇంటి పొయ్యి పెద్దకోడలు సుంకమ్మ చేతికి వచ్చింది. సుంకమ్మ పనిమంతురాలు. వేళ తప్పకుండా సంగటి కెలికి, పప్పు ఎనిపి, అందరికీ కడుపునిండా పెట్టేది. మామ కంచంలో అయితే ఖాళీ కనబడనిచ్చేది కాదు. కదిరప్ప తల వంచుకుని తిని, "బాగుందమ్మా" అని చేయి కడుక్కునేవాడు. ఆ ఒక్క మాట సుంకమ్మకు చాలు. దానితోనే ఆమె పొద్దు గడిచేది.

తరువాత చిన్నకొడుకుకు పెళ్లయి ఓబక్క కాపురానికి వచ్చింది. ఆమెది గుట్ట అవతలి చిన్న పల్లె. అక్కడివారికి పప్పుధాన్యం అరుదు, ఆకు తెలివి ఎక్కువ. వచ్చిన కొత్తలోనే ఒకనాడు ఓబక్క చేను గట్ల మీద తిరిగి ఒడి నిండా కలగూరాకు గిల్లుకొచ్చి వాకిట్లో పోసింది. సుంకమ్మ ఆ కుప్పను కాలితో తాకబోయి ఆగింది.

"ఏమ్మే, మీ ఊర్లో ఇది మనుషులు తింటారా, మేకలు తింటాయా?"

"ముందు మేకలు తింటాయక్కా. అవి బతికితే మేము తింటాం," అంది ఓబక్క.

వాకిట్లో కూర్చున్న కదిరప్ప నవ్వాడు. ఆ ఇంట్లో ముసలాయన నవ్వి చాలా కాలమైంది. ఆ పూట ఓబక్కే ఆకు వండింది. కదిరప్ప సంగటి ముద్దను ఆకులో అద్దుకుని తిన్నాడు. తిని, వేళ్లు నాకి, కంచం కొద్దిగా ముందుకు జరిపి, "ఇంకొంచెం పెట్టమ్మా" అన్నాడు.

ఈ మాట సుంకమ్మ గోడ పక్కన నిలబడి విన్నది. ఇన్నేళ్లుగా ఆ మనిషి ఆమెను ఎన్నడూ రెండోసారి అడగలేదు. 'బాగుందమ్మా' అనేది ఇచ్చే మాట. 'ఇంకొంచెం' అనేది అడిగే మాట. తనకు ఇచ్చాడు, ఓబక్కను అడిగాడు. ఈ తేడా సుంకమ్మ మనసులో పడిన నాటి నుంచి ఆమెకు నెమ్మది లేదు.

అసూయపడే మనిషి చెవులు పెద్దవవుతాయి. సుంకమ్మ అప్పటి నుంచి ప్రతి భోజనం గోడ పక్క నుంచి వినసాగింది. ఓబక్క వండిన పూట మామ 'ఇంకొంచెం' అంటాడు. తాను వండిన పూట అనడు. ఓబక్క తెచ్చే ఆకునే తాను తెచ్చింది, అదే సట్టిలో వండింది, పప్పు ధారాళంగా పోసి, నూనె పోపు పెట్టి మామ కంచం నింపింది. కదిరప్ప అంతా తిని, "బాగుందమ్మా" అని లేచాడు. సుంకమ్మ సొంత కూతురు కూడా ఒకరోజు, "చిన్నమ్మ ఆకు కావాల" అని ఏడ్చింది. ఆ పిల్లను సుంకమ్మ కొట్టింది. కొట్టిన చేయి పిల్లను కొట్టలేదనీ, ఎవరిని కొట్టిందో ఆమెకు తెలుసనీ మనం చెప్పుకోవాలి. తెలిసి కూడా ఆగకపోవడమే అసూయ.

ఇంతలో వానలు తప్పిపోయాయి. చేలు ఎండాయి. అన్నదమ్ములిద్దరూ పశువులను తోలుకుని మేత ఉన్న దూరపు కొండలకు వెళ్లారు. ఇంట్లో ముసలాయన, ఇద్దరు ఆడవాళ్లు, చిన్నపిల్ల మిగిలారు. పప్పు అయిపోయింది. గట్ల మీద గడ్డిపోచ లేదు. అయినా ఓబక్క మాత్రం ఎక్కడి నుంచో గంపలో ఇంత పచ్చటి ఆకు తెచ్చేది. ఊరంతా ఒట్టి సంగటి మింగుతుంటే ఆ ఇంట్లో కూర ఉండేది. ఇల్లు బతుకుతున్నదని సుంకమ్మ సంతోషించలేదు. ఎవరి చేతి మీద బతుకుతున్నదో చూసి కుమిలిపోయింది.

ఒకనాడు పొద్దున ఆమె ఓబక్క వెనకాలే, కనబడకుండా, ఈ గుట్ట ఎక్కింది. బండ నీడలో తడి నేల, దాని నిండా పచ్చదనం కనిపించాయి. ఓబక్క కూర్చుని, రెండు వేళ్లతో కొనలు మాత్రం గిల్లి గంపలో వేసుకుంటున్నది. ఒక మొక్క దగ్గర నిండుగా గిల్లదు, కొద్దిగా గిల్లి పక్కదానికి జరుగుతుంది. ఆమె వెళ్లిపోయేదాకా సుంకమ్మ రాళ్ల చాటున ఉంది. తరువాత వచ్చి ఆ మొక్కలన్నింటినీ వేర్లతో సహా పెరికింది. తనకు కావాలని కాదు. ఓబక్కకు దొరకకూడదని. పెరికినవన్నీ పక్కనున్న ఎండిన వాగులోకి విసిరింది. చివరి దుబ్బు లాగినప్పుడు మట్టి లేచి, కింద ఒక రాయి బయటపడింది. రాతి మీద కలిసిన రెండు వేళ్లు. సుంకమ్మ చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది. కాలితో దాని మీదికి మట్టి నెట్టి, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

ఇంటికి వచ్చి ఇంకొక పాపం చేసింది.

"మామా, చెప్పకూడదు గానీ చెప్తాండా. చిన్నది గంపెడాకు మోసుకోని వాళ్ల పుట్టింటి దోవన పోతాంటే నా కండ్లతో చూసినా."

మరునాడు ఓబక్క ఉత్త గంపతో తిరిగివచ్చింది.

"ఆకు లేదు మామా. ఎవరో వేర్లతో పెరికేసినారు," అంది.

ముందే విన్న అబద్ధం ముసలాయన చెవిలో ఉంది. అందుచేత నిజం లోపలికి పోలేదు.

"ఈ ఇంటి నోరు కొట్టి పుట్టింటికి మోసే చేయి ఈ పొయ్యి కాడ వద్దు," అన్నాడు.

ఓబక్క ఒక్కసారి సుంకమ్మ వైపు చూసింది. సుంకమ్మ పొయ్యిలో పుల్లలు సర్దుతున్నది. ఓబక్క గంప బోర్లించి, కట్టుబట్టలతో పుట్టింటికి నడిచింది.

ఆ రోజు సుంకమ్మ మనసు తేలికైంది. మునగచెట్టుకు మిగిలిన ఆకు దూసి, సట్టిలో వేసి పొయ్యి మీద పెట్టింది. నీళ్లు కాగాయి. తెర్లాయి. ఇంకిపోయాయి. ఆకు మాత్రం కొమ్మ మీద ఉన్నట్టే పచ్చిగా ఉంది. మళ్లీ నీళ్లు పోసింది. సట్టి మార్చింది. కట్టెలు మార్చింది. పొరుగింటి నిప్పు తెచ్చింది. ఆకు వాడలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ, ఏ ఆకూ ఆమె పొయ్యి మీద ఉడకలేదు. కదిరప్ప ఒట్టి సంగటి, ఉప్పునీళ్లతో తినసాగాడు. రానురాను అదీ తగ్గించాడు. ఊరి ఆడవాళ్లు నీళ్ల దగ్గర, "సుంకమ్మా, మీ ఇంట్లో ఆకుకు నిప్పంటే లెక్కే లేదంట గదా" అని నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం ఆమె రోటికి ఆనుకుని కునుకు తీస్తుండగా కల వచ్చింది. ముఖం కనబడలేదు. బొటనవేలు, చూపుడువేలు కలిసిన ఒక చేయి కనబడింది. "నువ్వు పెరికింది నువ్వే నాటు. అప్పుడు ఉడుకుతుంది" అని మాట వినిపించింది.

సుంకమ్మ లేచి పరుగున గుట్ట ఎక్కింది. వాగులో ఎండిపోయిన మొక్కలను ఏరి తెచ్చి, తడి నేలలో నాటింది. రోజూ వచ్చి చూసేది. ఒక్కటీ బతకలేదు. విసుగెత్తి చివరికి ఆ రాతినే అడిగింది. "పెరికినవన్నీ నాటినా గదా. ఇంకేం పెరికినానని నామీద పగ?" రాయి పలకలేదు. అబద్ధం ఇంకా కడుపులో ఉంచుకుని అడిగేవారికి ఏ దైవమూ పలకదు.

కదిరప్ప మంచం పట్టాడు. సుంకమ్మ గంజి పోయబోతే తల తిప్పుకున్నాడు.

"వద్దు సుంకమ్మా. ఆ పిల్లను ఈ ఇంట్లో నుంచి నా చేతులతో నేనే పెరికేసినా. ఆకు మోస్తే మోసింది. తల్లికి ఇంత పెట్టుకునింటుంది. అంత మాట అనాల్సింది కాదు."

'పెరికేసినా' అన్న మాట వినగానే కలలోని మాట సుంకమ్మకు అర్థమైంది. అయితే నిజం దాచకూడదు. అప్పుడు కూడా ఆమెకు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు, అసూయే. చావుకు దగ్గరైన మనిషి కూడా ఓబక్కనే తలుస్తున్నాడే అని ఆమె గుండె మండింది. ఆ మంటను ఆమె మింగింది. మింగడం ఎంత కష్టమో మింగినవారికే తెలుసు. గంజి గిన్నె కింద పెట్టింది.

"పెరికింది మీరు కాదు మామా. నేను. మొక్కలూ నేనే, ఆ పిల్లనూ నేనే. ఆమె మోసిందని చెప్పింది అబద్ధం."

ముసలాయన ఆమె వైపు తిరిగాడు. "నాకు చెప్తే ఏమొస్తుంది," అన్నాడు. "పోయి ఆమెకు చెప్పు."

సుంకమ్మ గుట్ట దాటి ఓబక్క పుట్టింటికి వెళ్లింది. ఓబక్క తల్లి గడపలోనే అడ్డంగా నిలబడింది.

"ఏమ్మా, మీ ఇంట్లో ఇంకేమన్నా పోయిందా? మా ఇల్లు వెతికిపోను వచ్చినావా?"

సుంకమ్మ గడప ముందే ఆగింది. లోపల విసుర్రాయి దగ్గరున్న ఓబక్కకు వినబడేలా జరిగినదంతా చెప్పింది. ఓబక్క విసరడం ఆపింది.

"ఎందుకక్కా?"

"మామ నిన్ను ఇంకొంచెం పెట్టమని అడిగేవాడు. నన్ను ఒక్కనాడూ అడగలేదు."

ఓబక్క ఆమె ముఖంలోకి విచిత్రంగా చూసింది.

"ఒడి నిండా తెచ్చిన ఆకు ఉడికితే పిడికెడు గదక్కా. అందరికీ రావాలని మామకు ఇంతే ఇంత పెట్టేదాన్ని. చాలక అడిగేవాడు. నువ్వు కంచం నింపి పెడితివి. ఇంకేం అడుగుతాడు?"

సుంకమ్మ ఆ గడపలోనే కూలబడింది. ఏ మాట కోసం ఒక ఇంటిని ఎండబెట్టిందో ఆ మాట తనకు రాకపోవడానికి కారణం తాను నిండుగా పెట్టడమే. తన చేతి గొప్పను తానే చూసుకోకుండా, ఇంకొకరి చేతిని చూసి ఏడ్చింది. ఓబక్క తల్లి అడ్డం తొలగి పక్కకు జరిగింది. కాసేపటికి ఓబక్క లేచి చెంగు దోపుకుంది.

"వస్తాను. కానీ ఒక్కదాన్నే పొయ్యి కాడ కూర్చోను. నువ్వొక్కదానివీ కూర్చోవద్దు."

ఇద్దరూ గుట్ట మీదుగా వచ్చారు. సుంకమ్మ నాటిన మొక్కలు ఎండి ఉన్నాయి గాని, వాటి నుంచి రాలిన గింజ ఆ తడిలో మొలిచి, రాతి చుట్టూ రెండేసి ఆకులతో నిలిచింది. ఓబక్క మట్టి తుడిచి రాతిని కడిగింది. ఇద్దరూ మొక్కారు. ఆ మొలకలను ముట్టలేదు. ఇంటికి పోయి ఉన్న కాస్త మునగాకునే ఒకరు దూసి, ఒకరు పొయ్యి మీద వేశారు. మూత పెట్టిన కాసేపటికే ఆకు మెత్తబడి వాసన వచ్చింది. మంచం మీద కదిరప్ప లేచి కూర్చుని తిన్నాడు. "ఎవరు చేసినారమ్మా?" అని అడగబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, ఆ మాట మానుకుని తినడం సాగించాడు.

నేటికీ ఈ గుట్ట మీద అమ్మవారికి ఆకే నైవేద్యం. ఒక ఇంటి తోడికోడళ్లు, అత్తాకోడళ్లు, వదినామరదళ్లు కలిసి వచ్చి, కొనలు గిల్లి, ఒకే సట్టిలో వండుతారు. ఒంటరిగా వచ్చినవారు పక్కనున్న తెలియని మనిషిని చేయి కలపమని అడుగుతారు. ఒక్క చేతితో వండిన ఆకును ఇక్కడ అమ్మవారి ముందు పెట్టరు. ప్రసాదం తినేటప్పుడు వంట ఎవరిదని అడగడం ఈ గుట్ట మీద నిషిద్ధం. తెలియక అడిగినవారికి వండినవారు "మాది" అని మాత్రమే చెబుతారు. ఇంటికి వెళ్లిన తరువాత కూడా ఈ నియమం పాటించేవారి పొయ్యి చల్లారదనీ, వారి ఇంట తిన్నవారికి ఆరోగ్యం, వండినవారికి మనశ్శాంతి కలుగుతాయనీ పెద్దలు చెబుతారు. మనసులో కల్మషం ఉన్నవారు గుట్ట ఎక్కవద్దని ఎవరూ అనరు. ఎక్కండి. కానీ దిగేలోపల ఎవరిని పెరికారో ఆ పేరు అమ్మవారి ఎదుట పైకి చెప్పి, ఆ మనిషి ఇంటికి దారి పట్టండి.