మూడుసార్లు చావాల్సిన తల్లి బల్లి

అనగనగా, మరీ అంత అనగనగా ఏం కాదులే, కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో కోటిలింగం తాత అని ఒకాయన. ఆయనకి నాటకాల పిచ్చి. ఎవరైనా పద్యం బాగా పాడితే చాలు, కుర్చీలోంచి లేచి "వన్స్ మోర్!" అని అరిచేవాడు. అలా అరిస్తే ఆ పాడినాయన మళ్ళీ పాడాలి. యుద్ధంలో చచ్చి పడిపోయిన వేషం అయినా సరే, లేచి నించుని, పాడి, మళ్ళీ చావాలి. నవ్వకు, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఒకసారి ఆ ఊరికి పిల్లల నాటకం వచ్చింది. మనుషులు పుట్టకముందు భూమ్మీద తిరిగిన రాకాసి బల్లుల కథ. ఆదివారం మధ్యాహ్నం ఆట. తాత మనవరాలు మైథిలినీ, మనవడు నందునీ తీసుకెళ్ళాడు. మైథిలికి ఆరేళ్ళు, నందుకి మూడు. వాడికి జంతికల పొట్లం ఉంటే చాలు, నాటకం లేకపోయినా పర్లేదు.

తెర లేచింది. మొదట పొడుగు మెడ బల్లి వచ్చింది. ఆ తర్వాత మూడు కొమ్ముల బల్లి వచ్చింది. నందు జంతికలు వదిలేసి తాత ఒళ్ళో తల దాచుకున్నాడు. ఆ తర్వాత తల్లి బల్లి వచ్చింది. వెదురు బద్దలు కట్టి, పైన గుడ్డ కప్పి చేశారు దాన్ని. లోపల ఇద్దరు మనుషులు దూరి నడిపిస్తున్నారు. కింద వాళ్ళ పాదాలు కనబడుతూనే ఉన్నాయి, మైథిలి చూసింది కూడా. అయినా అది గుడ్లు పెట్టి, వాటి చుట్టూ తిరుగుతూ, ముక్కుతో ఒక్కొక్కటీ దగ్గరికి సర్దుకుంటుంటే, ఆ పిల్ల ప్రాణమంతా దాని మీదికే పోయింది.

అప్పుడు ఆకాశంలోంచి పెద్ద చుక్క రాలింది. ఎర్ర దీపాలు, ఒకటే పొగ. తల్లి బల్లి గుడ్ల మీదికి వంగి, గట్టిగా అరిచి, కూలిపోయింది. మైథిలి ఏడుపు మొహం పెట్టింది.

తాత అది చూళ్ళేదు. ఆ అరుపు ఆయనకి తెగ నచ్చేసింది. అలవాటు కదా, లేచి "వన్స్ మోర్!" అన్నాడు.

బల్లి లోపలున్నవాళ్ళూ నాటకాల వాళ్ళే. ఆ మాట వింటే ఊరుకుంటారా? బల్లి లేచింది! మళ్ళీ గుడ్లు సర్దింది. మైథిలి ఎగిరి చప్పట్లు కొట్టింది. అప్పుడు మళ్ళీ చుక్క రాలింది. బల్లి మళ్ళీ అరిచి, మళ్ళీ చచ్చిపోయింది.

ఈసారి మైథిలే కుర్చీ ఎక్కింది. "వన్స్ మోర్!" అంది. పిల్లలందరూ అందుకున్నారు. బల్లి లేచింది, కాస్త నెమ్మదిగా.

"పారిపో! చుక్క వస్తోంది, పారిపో!" అని అరిచింది మైథిలి.

అది పారిపోలేదు. గుడ్లు వదిలేసి ఎలా పోతుంది? మళ్ళీ వంగింది. మళ్ళీ చచ్చిపోయింది.

ఆ తర్వాత హాలంతా గోలగోలగా "వన్స్ మోర్! వన్స్ మోర్!" తాత కూడా లేచాడు. బల్లి తోక కొంచెం కదిలింది. అప్పుడు మైథిలి ఆయన పంచె పట్టుకుని లాగింది.

"వద్దు తాతా. లేపకు."

"అదేంటే, ఇందాక నువ్వే కదా అరిచావు?"

"లేస్తే మళ్ళీ చచ్చిపోవాలి కదా. పాపం, ఎన్నిసార్లని చస్తుంది?"

తాత చిన్నప్పట్నించీ నాటకాలు చూస్తున్నాడు, ఎంతమందిని లేపాడో లెక్కలేదు, ఆ ముక్క ఆయనకి ఒక్కసారీ తట్టలేదు. వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తి, "చాలర్రా, ఇంక ఊరుకోండి" అన్నాడు. గోల తగ్గింది. తెర పడింది. అప్పుడు ఏడ్చింది మైథిలి, గుక్క తిప్పుకోకుండా. తాత ఊరుకోమనలేదు. ఇంటిదాకా ఎత్తుకునే నడిచాడు.

ఏంటి, మళ్ళీ మొదట్నించి చెప్పమంటావా? చెప్పనమ్మా. చెబితే అది మళ్ళీ లేవాలి. పడుకోనీ దాన్ని. నువ్వూ పడుకో.

చుక్క రాలె నేలకి,
తెర జారె కిందికి,
కథ సాగె కంచికి,
నువ్వు రావె పక్కకి.