పొడి బుట్టకు పది అడుగులు

అనగనగా ఒక అడవి. పిల్లలూ, ఆ అడవిలో అందరూ శుభ్రమైనవాళ్ళే. చెత్త మాత్రం ఎవరిదో ఎవరికీ తెలియదు.

వాగు కంపు కొట్టడంతో అడవిపెద్ద గుర్నాథం అనే ఎలుగుబంటి ఒక చట్టం చేశాడు. తొక్కలు తడి బుట్టలో వేయాలి. ముళ్ళూ ఎముకలూ పొడి బుట్టలో వేయాలి. తప్పినవాళ్ళు వారం రోజులు బుట్టలు మోయాలి. తప్పు ఒప్పుకోకపోతే అడవి విడిచి పోవాలి. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఆయనకు ఒక పూట పట్టింది.

తడి బుట్టలు మోసేది పోలమ్మ అనే అడవిపంది. తొక్కలు తిని, మిగిలింది మట్టిలో కలిపేది. నెల తిరిగేసరికి వాగు తేటపడింది. నెమలి అందులో తనను చూసుకోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు పోలమ్మ తడి బుట్టలో మూతి పెట్టి కెవ్వుమంది. నాలుకలో ముల్లు దిగింది.

"ముల్లంటే ముళ్ళపందిదే!" అంది కోతి. కోతి ఏదైనా చూశాక మాట్లాడిన రోజు నాకైతే గుర్తులేదు.

"ఇంకెవరిది?" అంది నెమలి, నీళ్ళ మీంచి కళ్ళు తిప్పకుండానే.

"వాడి ఒళ్ళే సాక్ష్యం," అంది కాకి.

ముళ్ళపంది సింగన్న ముందుకొచ్చి చేతులు జోడించాడు. "నేను వేయలేదు పెద్దాయనా! పిల్లలు పుట్టి రెండు రోజులు కాలేదు. వాళ్ళను తీసుకుని ఎక్కడికి పోను?"

"చూశారా, ఒప్పుకోవడం లేదు. పంపించేయండి!" అన్నారు అందరూ.

గుర్నాథం తీర్పు చెప్పడానికి లేచాడు. పోలమ్మ ముల్లు పీకి ఆయన ముందు పెట్టింది. కొక్కెంలా వంగిన బుల్లి ముల్లు. రేగు ముల్లు.

ఆయన దాన్ని గుర్తుపట్టాడు. నిన్న రేగుకొమ్మ విరిచి పళ్ళు తిన్నది తనే. పొడి బుట్ట పది అడుగుల దూరం ఉందని, కొమ్మను తడి బుట్టలో పడేసిందీ తనే.

ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ సింగన్న తన పిల్లలున్న బొరియ వైపే చూస్తున్నాడు.

"ఆ ముల్లు నాది పోలమ్మా," అన్నాడు గుర్నాథం. ఆయన ఇచ్చిన ఉపన్యాసాల్లో అంత చిన్నది మరొకటి లేదు.

"అయితే వారం మోయాలి మరి, పెద్దాయనా."

"మోస్తానమ్మా."

మోశాడు. మొదటి రోజు నడుం పట్టేసింది. రెండో రోజు ఎవరింట్లో ఏం తింటారో తెలిసింది. మూడో రోజు పొడి బుట్టను తెచ్చి తడి బుట్ట పక్కనే పెట్టాడు. ఆ తర్వాత పోలమ్మ నాలుకకు మళ్ళీ ముల్లు తగల్లేదు.

కోతి వెళ్ళి సింగన్నకు క్షమాపణ చెప్పుకుంది. "పిల్లలు ముద్దొస్తున్నారు" అని ఎత్తుకుంది కూడా. ఒక్కసారే ఎత్తుకుంది.

నెమలి ఇంకా వాగు దగ్గరే ఉంది.

నీతి: తాను పెట్టిన నియమానికి ముందుగా తానే తలవంచేవాడి మాటను అందరూ వింటారు.