అమ్మను చూడని అష్టమి

అనగనగా, పడవలు కూడా వెళ్ళనంత దూరంలో, సముద్రం అడుగున ఒక కొండ. ఆ కొండ వాలులో ఒక బండ సందు. ఆ సందులో ఒక ఆక్టోపస్ ఉండేది. దానికి ఎనిమిది చేతులు కదా, అందుకని ఇరుగుపొరుగు రొయ్యలు దానికి అష్టమి అని పేరు పెట్టాయి.

అష్టమి చాలా తెలివైంది. బండ పక్కన ఉంటే బండ రంగులోకి మారిపోయేది. నాచు పక్కన ఉంటే నాచు రంగులోకి మారిపోయేది. ఒంట్లో ఎముకలే లేవు కాబట్టి, చిన్న కంత కనిపిస్తే చాలు, అందులోంచి జారిపోయేది. పీతలు ఎంత లోపల దాక్కున్నా వెతికి పట్టుకునేది.

అయితే పిల్లలూ, అష్టమికి ఒక మాట అలవాటైపోయింది. "నాకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నాకున్నదంతా నా సొంతం" అనేది. పైకి గర్వంగానే అనేది గాని, లోపల ఎక్కడో దిగులుండేది. ఎందుకంటే అష్టమి వాళ్ళమ్మను చూడలేదు. ఆక్టోపస్ తల్లి గుడ్లు పెట్టిన రోజు నుంచి తిండి మానేస్తుంది. కదలకుండా వాటికి కాపలా కాస్తుంది. పిల్లలు బయటికొచ్చే వేళకు పాపం దాని ప్రాణం పోతుంది. అష్టమి కళ్ళు తెరిచేసరికి చుట్టూ నీళ్ళు తప్ప తనవాళ్ళంటూ ఎవరూ లేరు.

ఒక ఏడు ఆ కొండ మీదికి చల్లటి నీళ్ళు వచ్చి పడ్డాయి. అలాంటి చలి అక్కడ ఎవరూ ఎరగరు. రొయ్యలు వెళ్ళిపోయాయి. పీతలు వెళ్ళిపోయాయి. మొదటి రోజు అష్టమికి తిండి దొరకలేదు. రెండో రోజూ దొరకలేదు. మూడో రోజుకి చేతులు మొద్దుబారిపోయాయి. రమ్మంటే రావు, వదలమంటే వదలవు.

"ఇక్కడే ఉంటే చచ్చిపోతాను" అనుకుని అష్టమి వాలు వెంట కిందికి పాక్కుంటూ వెళ్ళింది. అక్కడ ఒక తెల్లటి గుల్ల కనిపించింది. నత్తగుల్లలా చుట్ట తిరిగి ఉంది. దాని మీద ఎర్రటి చారలు. ఆ గుల్లలో ఒక ముసలి నాటిలస్, అంటే గుల్ల ఉన్న ఆక్టోపస్ లాంటి జీవి, ఉంటోంది. సముద్రంలో అందరూ ఆమెను గుల్లమామ్మ అంటారు.

అష్టమి ఒక్కసారిగా గుల్ల మీద పడింది. గుల్లమామ్మ గబుక్కున లోపలికి ముడుచుకుని, తల మీది మందపాటి తోలుతో తలుపు వేసుకుంది. ఆక్టోపస్ నాలుక ఆకురాయిలా గరుకుగా ఉంటుంది. దాంతో గుల్లను గీకి గీకి కన్నం వెయ్యగలదు. అష్టమి గీకడం మొదలుపెట్టింది.

"ఎవరమ్మా, నా గోడ గీకుతున్నది?" అని లోపలినుంచి గుల్లమామ్మ అడిగింది.

"నేను అష్టమిని. ఆకలేస్తోంది. నిన్ను తినడానికొచ్చాను."

"అలాగా. గుల్లకి కన్నం వెయ్యడం నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు" అని అష్టమి మళ్ళీ గీకింది.

గుల్లమామ్మ మళ్ళీ అడిగింది. "ఒంటి రంగు మార్చడం ఎవరు నేర్పారు?"

"అదీ ఎవరూ నేర్పలేదు. అన్నీ నాకే వచ్చు." ఈసారి అష్టమి గొంతు కొంచెం తగ్గింది. అయినా గీకుతూనే ఉంది.

"ఎవరూ నేర్పకుండానే అన్నీ వచ్చాయంటే, అవి ఎక్కడినుంచి వచ్చి ఉంటాయి తల్లీ?"

అష్టమి నాలుక ఆగిపోయింది. ఆ ప్రశ్న తనని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తనూ ఎప్పుడూ వేసుకోలేదు.

"ఎక్కడినుంచి?" అంది చివరికి. "చెప్పు. విన్నాక తింటాను."

"అలాగే తిందువుగాని. ముందు విను" అని గుల్లమామ్మ చెప్పడం మొదలుపెట్టింది.

"ప్రతి ప్రాణి ఒంట్లోనూ ఒక పుస్తకం ఉంటుందమ్మా. ఒళ్ళు ఎలా కట్టుకోవాలో అందులో రాసి ఉంటుంది. అమ్మ సగం, నాన్న సగం ఇస్తే ఆ పుస్తకం అవుతుంది. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట మీ వంశానికీ మా వంశానికీ ఒకటే అవ్వ. ఆవిడకి గుల్ల ఉండేది. మావాళ్ళు ఆ గుల్లతోనే ఉండిపోయారు. మీవాళ్ళ పుస్తకం మాత్రం తరాలు గడిచేకొద్దీ చెల్లాచెదురైపోయింది. పేజీలు చిరిగాయి. ఎక్కడివో తెచ్చి ఎక్కడో అతుక్కున్నాయి. కొన్ని అక్షరాలైతే రొయ్యల్లా ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి గెంతాయి."

"అయ్యో, అంతా పాడైపోయిందా?"

"పాడైనవీ ఉన్నాయి. అలా పుట్టినవాళ్ళు ఎంతమందో బతకలేదు. కానీ కొన్ని పేజీలు ఒకటికి పది, పదికి వంద అయ్యాయి. నరానికీ నరానికీ జత ఎలా కలపాలో చెప్పే పేజీలు అవి. మీ బుర్ర అలా పెరిగింది. చిరిగిన పేజీలతో మీ గుల్ల పోయింది. స్క్విడ్ అనే మీ చుట్టాలకి వీపు లోపల ఈకలాంటి ముక్క ఒకటి మిగిలింది. నీకు అదీ లేదు. లేదు కాబట్టే ఏ కంతలోనైనా దూరగలవు."

పిల్లలూ, ఆ పుస్తకంలోని రాతల్నే ఇప్పుడు చదువుకున్నవాళ్ళు జన్యువులు అంటున్నారు.

అష్టమి మెల్లగా అడిగింది.

"అయితే మా అమ్మ నన్ను ఊరికే వదిలేసి పోలేదా?"

"ఊరికే ఎలా వదిలేస్తుంది? నీతో మాట్లాడేంత ఆయుష్షు ఆవిడకి లేదు. అయినా ఇవ్వాల్సింది ఇచ్చే వెళ్ళింది. ఆవిడకి వాళ్ళమ్మ ఇచ్చింది. అలా లక్షల తరాలు, కోట్ల తరాలు."

అష్టమి పొట్టలో ఆకలి అలాగే ఉంది. నాలుక కింద గుల్ల సగం అరిగింది. ఇంకాస్త గీకితే తిండి దొరుకుతుంది. కానీ తన అమ్మ కబురు ఇన్నేళ్ళకు మొదటిసారి తెచ్చింది ఈ ముసలమ్మే. ఆవిణ్ణి ఎలా తినడం?

అష్టమి ఒక్కొక్క చెయ్యీ తీసేసింది. "నిన్ను తినలేను మామ్మా. నేను పైకి పోతాను. పైన నీళ్ళు వెచ్చగా ఉంటాయి."

గుల్లమామ్మ తలుపు తీసింది. "పైకి వెళ్ళకు. నాకు కళ్ళు సరిగా కనపడవు గాని ముక్కు బాగా పనిచేస్తుంది. పైన సొర చేపలు మూగాయి. వెచ్చదనానికి పైకెళ్ళినవాటిని వచ్చినవి వచ్చినట్టే తినేస్తున్నాయి."

"ఇక్కడుంటే ఈ చలికి చచ్చిపోతాను. నా చేతులు నా మాట వినడం లేదు."

"ఇంకో మూడు రోజులు ఓపిక పట్టు. మీవాళ్ళ దగ్గర ఒక విద్య ఉంది. పుస్తకం మార్చరు. ఆ పుస్తకం చూసి, ఏ పని ఎలా చెయ్యాలో ఒళ్ళు నకలు రాసుకునే చీటీలు ఉంటాయి చూడు, వాటిని దిద్దుకుంటారు. ఇక్కడో అక్షరం, అక్కడో అక్షరం. చలి వస్తే చలికి సరిపడేలా నీ నరాలు చీటీలు దిద్దుకుంటాయి. నీకు తెలియకుండానే జరిగిపోతుంది. ఆ విద్య మాకు పెద్దగా రాదు. నాకు తొంభై చేతులున్నాయి గాని, నీ ఒక్క చేతికున్న నేర్పు వాటికి లేదు."

అష్టమి ఒక బండ కింద ముడుచుకుని కూర్చుంది. గుల్లమామ్మ పక్కనే తేలుతూ ఉంది. మొదటి రోజు అష్టమి చేతులు బండల్లా బరువుగా ఉన్నాయి. వాసన పట్టి గుల్లమామ్మ ఒక చచ్చిన రొయ్యను వెతికి తెచ్చింది. ఇద్దరూ చెరిసగం తిన్నారు. రెండో రోజు అష్టమికి నిద్ర ముంచుకొచ్చింది.

"మామ్మా, నేను పోతున్నానేమో" అంది.

"పోవడం లేదు. దిద్దుబాటు జరుగుతోంది. కళ్ళు తెరిచి ఉంచు" అంది గుల్లమామ్మ.

మూడో రోజు అష్టమి ఒక చెయ్యి చాపింది. అది చెప్పినట్టే సాగింది. ఇంకో చెయ్యి చాపింది. అదీ మాట విన్నది. నీళ్ళు అంతే చల్లగా ఉన్నాయి. మారింది తనే. అష్టమి బండ కింది నుంచి లేచి ఒక చుట్టు తిరిగి వచ్చింది. తరవాత, ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాట చెప్పింది.

"నీ మేలు మరిచిపోను మామ్మా."

ఆ మరుసటి ఏడు అష్టమి గుడ్లు పెట్టింది. తన పాత బండ సందు పైకప్పుకి ముత్యాల దండల్లా వేలాడదీసింది. తిండి మానేసింది. మురికి పట్టకుండా వాటి మీద నీళ్ళు ఊదుతూ కూర్చుంది. గుల్లమామ్మ కింది నుంచి అప్పుడప్పుడూ చూడ్డానికి వచ్చేది.

ఒకనాడు అష్టమి అంది. "మామ్మా, నాకు ఒకటే లోటు. మా అమ్మకి నేను కృతజ్ఞత చెప్పలేకపోయాను."

గుల్లమామ్మ ఆ గుడ్లకు బాగా దగ్గరగా వచ్చి చూసింది. ఒక్కొక్క గుడ్డులోంచీ రెండేసి నల్లటి కళ్ళు బయటికి చూస్తున్నాయి.

"ఇన్నాళ్ళుగా నువ్వు చేస్తున్నది అదే కదమ్మా" అంది.

అష్టమి నవ్వింది. అప్పటికి బాగా నీరసించిపోయింది. అయినా దాని మనసులో దిగులు లేదు. గుడ్లు పగలడం మొదలయ్యాక, మిగిలిన ఊపిరంతా కూడగట్టి చివరిసారి నీళ్ళు ఊదింది. ఆ ఊపుకి బియ్యపు గింజలంత పిల్లలు గుంపులు గుంపులుగా సముద్రంలోకి తేలిపోయాయి.

చేపలు ఆ పిల్లల మీద పడకుండా గుల్లమామ్మ బండ సందు ముందు ఒక పక్కగా తన గుల్లను అడ్డంపెట్టి నిలబడింది. ఆఖరి పిల్ల దాటి వెళ్ళేదాకా అక్కడినుంచి కదల్లేదు.

నీతి: మనకు వచ్చినవాటిలో చాలావరకు మన ముందువాళ్ళు ఇచ్చినవే. అది గుర్తుంచుకుని, మన తరవాతివాళ్ళకు ప్రేమగా అందించడమే వాళ్ళకు చెప్పే కృతజ్ఞత.